ఏ ఆకాశం ప్రమాణం? సాంద్రీకరణ సౌరఘటాలపై వాతావరణ ప్రభావం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

కటకాలతోనో దర్పణాలతోనో ఎండను చిన్న ఘటం మీదికి చేర్చి విద్యుత్తును పుట్టించే సాధనాలు సాంద్రీకరణ సౌరఘటాలు. సూర్యబింబం నుండి సూటిగా వచ్చే కిరణాలే వీటికి పనికివస్తాయి. కాబట్టి సూర్యునికీ ఘటానికీ నడుమ ఉన్న గాలిలోని ధూళి, పొగ, తేమ, పలుచని మేఘం ఇవన్నీ వీటి ఉత్పత్తిని నిర్ణయిస్తాయి. గాలి ఎండను ఎంతగా తగ్గిస్తుందో లెక్కించే ప్రయత్నాలు 1729లో మొదలై, 2003 నాటి ప్రమాణ వర్ణపటం దాకా ఎలా సాగాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ ప్రమాణం వెనుక ఒక నిర్దిష్ట ప్రాంతపు ఆకాశం ఉందని చూపుతుంది. భారతదేశంలో 2010 నాటి సౌర ఒప్పందాలకూ, నేల మీది కొలతలకూ నడుమ ఏర్పడిన కాలవ్యత్యాసాన్ని ఈ నేపథ్యంలో చర్చిస్తుంది.

కీలకపదాలు: సౌరఘటం, సాంద్రీకరణ, నేరు ఎండ, చెదరిన ఎండ, ఏరోసాల్స్, ప్రమాణ వర్ణపటం, అన్నా మణి, అనంతపురం.

1. ఉపోద్ఘాతం:

భూతద్దంతో ఎండను ఒకచోటికి చేర్చి కాగితాన్ని కాల్చడం బడిపిల్లలు ఎరిగిన ఆటే. మబ్బు కమ్మిన పగటిపూట ఆ ఆట సాగదు. వెలుతురుకు కొరత ఉండదు, పుస్తకం చదువుకోవచ్చు, ఆరవేసిన బట్టలు ఆలస్యంగానైనా ఆరుతాయి. భూతద్దం కింది కాగితం మాత్రం అంటుకోదు. సూర్యకాంతి నేలకు రెండు విధాలుగా చేరడమే దీనికి కారణం. సూర్యబింబం నుండి దారి తప్పకుండా వచ్చేది ఒకటి. గాలిలోని అణువులకు, ధూళికణాలకు, నీటితుంపరలకు తగిలి దిక్కు మారి ఆకాశమంతటి నుండీ వచ్చేది మరొకటి. నేల మీద నీడను గీసేది మొదటిది. నీడలో కూడా మనకు వస్తువులు కనిపించేలా చేసేది రెండవది. ఈ వ్యాసంలో మొదటిదానిని నేరు ఎండ అనీ, రెండవదానిని చెదరిన ఎండ అనీ వ్యవహరించడం జరిగింది.

ఇళ్ల పైకప్పుల మీద కనిపించే పలకలు ఈ రెండింటినీ స్వీకరిస్తాయి. సాంద్రీకరణ సౌరఘటం అలా కాదు. కటకం గానీ దర్పణం గానీ ఒకే దిక్కు నుండి వచ్చే కిరణాలను మాత్రమే ఒక బిందువుకు చేర్చగలదు. అందుకే ఇవి పగలంతా సూర్యుని వెంట తిరిగే చట్రాల మీద అమర్చబడి ఉంటాయి. చెదరిన ఎండ వీటి దృష్టిలో దాదాపు లేనట్టే. ఒక ఘటం నూటికి ఇంత కాంతిని విద్యుత్తుగా మార్చగలదు అని ప్రయోగశాల ప్రకటించినప్పుడు, ఆ అంకె ఎటువంటి గాలి కింద చెల్లుతుంది అన్న ప్రశ్న అందువల్లనే వస్తుంది. ఈ ప్రశ్నకు చరిత్రలో లభించిన సమాధానాలను కాలక్రమంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. గాలిని లెక్కకట్టిన తొలి ప్రయత్నాలు:

ఉదయ సాయంకాలాల మెత్తని ఎండను తెలుగువారు నీరెండ అంటారు. మధ్యాహ్నపు ఎండకూ నీరెండకూ ఉన్న భేదాన్ని గణితంలోకి తెచ్చినవారిలో మొదటివాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియెర్ బూగే. 1729లో వెలువడిన తన గ్రంథంలో ఆయన ఒక సూత్రాన్ని ప్రతిపాదించాడు. కాంతి సమానమైన మందం గల పొరలను దాటుతున్నప్పుడు ప్రతి పొరలోనూ సమానమైన పరిమాణం తగ్గదు. మిగిలిన దానిలో సమానమైన భాగం తగ్గుతుంది. మొదటి పొరలో సగం పోతే రెండవ పొరలో మిగిలిన సగంలో సగం పోతుంది. 1760లో లాంబర్ట్ ఈ సూత్రాన్ని మరింత విస్తరించాడు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కిరణం దాటే గాలి మందాన్ని ఒకటిగా తీసుకుంటే, సూర్యుడు నడినెత్తి నుండి 48.2 డిగ్రీలు వాలినప్పుడు అది ఒకటిన్నర అవుతుంది. నేటి సౌరఘటాల పరీక్షలన్నింటా వినిపించే ఎయిర్ మాస్ 1.5 అన్న మాటకు అర్థం ఇదే.

సూత్రం దొరికిన తరువాత సాధనం కావలసివచ్చింది. ఫ్రాన్స్‌లో క్లోద్ పుయే 1837-38 ప్రాంతంలో పైర్‌హీలియోమీటర్ అనే పరికరాన్ని రూపొందించి నేరు ఎండను కొలిచాడు. గాలి లేకపోతే భూమికి ఎంత ఎండ చేరుతుందో దాని ఆధారంగా అంచనా వేశాడు. ఆ అంచనా నేటి లెక్కలో చదరపు మీటరుకు సుమారు 1228 వాట్లు. నేడు అంగీకరించిన విలువ సుమారు 1361 వాట్లు. పుయే తక్కువ లెక్క కట్టడానికి కారణాన్ని అమెరికా శాస్త్రజ్ఞుడు శామ్యూల్ లాంగ్లీ వివరించాడు. గాలి అన్ని రంగులనూ ఒకే పాళ్లలో ఆపదు. నీలి కాంతిని ఎక్కువగా చెదరగొడుతుంది, ఎరుపును ఎక్కువగా పోనిస్తుంది, పరారుణంలో కొన్ని భాగాలను నీటి ఆవిరి మింగివేస్తుంది. కాబట్టి ఒక్కొక్క రంగుకూ విడిగా లెక్క కట్టాలని లాంగ్లీ వాదించాడు. ఇందుకోసం బోలోమీటర్ అనే సున్నితమైన పరికరాన్ని నిర్మించి, 1881లో దానిని కాలిఫోర్నియాలోని విట్నీ పర్వతం మీదికి తీసుకువెళ్లాడు. ఆయన చేరిన తుది అంకె అవసరానికి మించి పెద్దదైనా, రంగుల వారీగా లెక్కించాలన్న పద్ధతి మాత్రం నిలిచింది. వంద సంవత్సరాల తరువాత సాంద్రీకరణ సౌరఘటాల రూపకర్తలకు అక్కరకు వచ్చినది ఈ పద్ధతే.

ఆ తరువాతి దశలో గాలిలోని మసకకు ఒక అంకెను కేటాయించే ప్రయత్నాలు జరిగాయి. 1922లో జర్మనీకి చెందిన ఫ్రాంజ్ లింకె ఒక గుణకాన్ని ప్రతిపాదించాడు. నేరు ఎండ మీద గాలి చూపే ప్రభావం, ధూళి, తేమ లేని ఎన్ని శుద్ధ వాతావరణాలు కలిస్తే వచ్చేదో ఆ గుణకం చెబుతుంది. 1929లో స్వీడన్‌కు చెందిన ఆండర్స్ ఆంగ్‌స్ట్రామ్ ధూళికణాల వల్ల కలిగే తగ్గుదల తరంగదైర్ఘ్యంతో పాటు ఎలా మారుతుందో తెలిపే సూత్రాన్ని ఇచ్చాడు. నేడు శాస్త్రజ్ఞులు వాడే ఏరోసాల్ ఆప్టికల్ డెప్త్ అనే కొలత ఈ ధోరణికి చెందినదే. చదువరుల సౌకర్యం కోసం దీనిని ఇకపై మసక అంకె అంటాను. అంకె పెరిగినకొద్దీ నేరు ఎండ తగ్గుతుంది.

3. అద్దాల యంత్రాలు - ఆకాశాన్ని వెతుక్కున్న వలసలు:

ఒకవైపు ఈ కొలతలు సాగుతుండగానే మరొకవైపు ఎండను ఒడిసిపట్టే యంత్రాలు తయారయ్యాయి. ఫ్రాన్స్‌లో గణిత ఉపాధ్యాయుడైన ఓగుస్తాన్ ముషో 1861లో తన సౌరయంత్రానికి పేటెంటు పొందాడు. 1878 నాటి పారిస్ ప్రపంచ ప్రదర్శనలో పెద్ద దర్పణంతో ఆవిరి పుట్టించి, దానితో మంచుగడ్డను కూడా తయారుచేసి చూపి స్వర్ణపతకం గెలుచుకున్నాడు. అంతకుముందే, 1877లో, ప్రభుత్వ సహాయంతో ఆయన అల్జీరియాకు వెళ్లి అక్కడి ఎండలో ప్రయోగాలు చేశాడు. అమెరికాకు చెందిన ఫ్రాంక్ షూమన్ తొలి యంత్రాలను ఫిలడెల్ఫియాలో నిర్మించినా, పరావలయ దర్పణాలతో కూడిన తన ప్రసిద్ధ పంపింగ్ కేంద్రాన్ని 1913లో ఈజిప్టులోని మాదీలో నెలకొల్పాడు. అది నైలు నది నీటిని తోడింది. మొదటి ప్రపంచయుద్ధంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది.

ఈ రెండు ఉదంతాలనూ సాధారణంగా బొగ్గుతో, చమురుతో సౌరశక్తి ఓడిన పోటీగా చెబుతారు. వాటిలో గమనించవలసిన మరొక అంశం ఉంది. యంత్రం ఐరోపా, అమెరికాల ఊహలో పుట్టి, దానికి తగిన ఆకాశం కోసం ఉత్తర ఆఫ్రికాకు వెళ్లింది. అద్దాన్ని ఎక్కడైనా చేయవచ్చు, ఎండను మాత్రం చేయలేమని ఆ నిర్మాతలు గ్రహించారు. అయితే మంచి ఎండ ఉన్న చోట కూడా గాలి ఎప్పుడూ ఒకేలా ఉండదు. 1912 జూన్‌లో అలాస్కాలో కాట్మాయ్ ప్రాంతపు అగ్నిపర్వతం పేలింది. ఆ వేసవిలో అల్జీరియాలోని బస్సూర్ వద్ద ఎండను కొలుస్తున్న అమెరికా శాస్త్రజ్ఞుడు చార్లెస్ అబాట్, నేరు ఎండ దాదాపు ఐదోవంతు పడిపోయినట్లు కనుగొన్నాడు. ఎక్కడో అలాస్కాలో ఎగసిన బూడిద, ఆవిరులు సహారా అంచున ఉన్న ఆకాశాన్ని మసకబార్చాయన్నమాట. షూమన్ దర్పణాలు నైలు ఒడ్డున లేచింది సరిగ్గా ఆ మరుసటి సంవత్సరమే.

4. పొరల ఘటాలు - రంగుల పంపకం:

దర్పణాల కింద నీటిబాన స్థానంలో సౌరఘటం చేరడానికి మరి ఆరు దశాబ్దాలు పట్టింది. 1970 దశకంలో చమురు సంక్షోభం తరువాత అమెరికాలోని శాండియా జాతీయ ప్రయోగశాల ఫ్రెనెల్ కటకాలతో సుమారు ఒక కిలోవాటు సాంద్రీకరణ వ్యవస్థను నిర్మించింది. 1981లో అమెరికా, సౌదీ అరేబియాల ఉమ్మడి కార్యక్రమమైన సోలెరాస్ కింద రియాద్ సమీపంలోని గ్రామాలకు విద్యుత్తునిచ్చే 350 కిలోవాట్ల కేంద్రం పనిచేయసాగింది. ఆశయం స్పష్టం: ఖరీదైన ఘటాన్ని చిన్నదిగా చేసి, చౌకైన కటకాన్ని పెద్దదిగా చేయడం.

నాటి ఘటాలు సిలికాన్‌వి. ఆ తరువాత పొరల ఘటాలు వచ్చాయి. 1980 దశకంలో అమెరికాలోని సౌరశక్తి పరిశోధన సంస్థలో జెర్రీ ఓల్సన్ బృందం గాలియం ఇండియం ఫాస్ఫైడ్ పొరను గాలియం ఆర్సెనైడ్ పొర మీద పెంచింది. వీటి కింద జెర్మేనియం పొరను చేర్చడంతో మూడు పొరల ఘటం తయారైంది. పై పొర నీలి, ఆకుపచ్చ, పసుపు కాంతిని తీసుకుంటుంది. నడిమి పొర ఎరుపును, పరారుణంలో తొలి భాగాన్ని తీసుకుంటుంది. అడుగు పొర మిగిలిన పరారుణాన్ని తీసుకుంటుంది. ప్రతి రంగునూ దానికి తగిన పొర తీసుకోవడం వల్ల దక్షత బాగా పెరుగుతుంది. 2006లో స్పెక్ట్రోల్యాబ్ సంస్థ 40.7 శాతం దక్షతను ప్రకటించింది. 2014లో జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ నాలుగు పొరల ఘటంతో 46 శాతాన్ని, 2022లో 47.6 శాతాన్ని సాధించింది.

ఈ విజయంలోనే ఒక బలహీనత కూడా ఇమిడి ఉంది. పొరలు ఒకదాని మీద ఒకటి శ్రేణి సంధానంలో ఉంటాయి. ఒకే కాలువ మీద వరుసగా మూడు తూములు ఉంటే అన్నింటికంటే సన్నని తూము పారనిచ్చినంత నీరే చివరికి చేరుతుంది. అలాగే అన్నింటికంటే తక్కువ విద్యుత్ప్రవాహాన్నిచ్చే పొర మొత్తం ఘటాన్ని కట్టడి చేస్తుంది. ధూళి, పొగ సాధారణంగా నీలి కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి. మసక పెరిగిన రోజున పై పొర ఆకలితో ఉంటుంది. నడిమి పొరకు అందిన ఎరుపు కాంతి మిగిలిపోయినా ఉపయోగం ఉండదు. ఉదయ సాయంత్రాలలో కిరణం ఎక్కువ గాలిని దాటవలసి రావడం వల్ల జరిగేదీ ఇదే. నీటి ఆవిరి విషయం కొంత భిన్నం. అది ప్రధానంగా పరారుణాన్ని మింగుతుంది. జెర్మేనియం పొరకు అవసరానికి మించిన కాంతి అందుతుంటుంది కనుక ఆ నష్టాన్ని అది కొంతవరకు తట్టుకోగలదు. కాబట్టి తేమ గాలి, ధూళి గాలి రెండూ ఎండను తగ్గించినా ఘటం మీద వాటి ప్రభావం ఒకటి కాదు. లాంగ్లీ పట్టుబట్టిన రంగుల వారీ లెక్క ఇక్కడ అనివార్యమైంది.

పలుచని మేఘం చేసే నష్టం మరొక తీరుది. సూర్యబింబం మన కంటికి సుమారు అర డిగ్రీ వెడల్పున కనిపిస్తుంది. పలుచని మేఘంలోని మంచుకణాలు, పెద్ద ధూళికణాలు కిరణాన్ని కొద్దిగా పక్కకు తిప్పి, బింబం చుట్టూ ఒక వెలుగు వలయాన్ని ఏర్పరుస్తాయి. సూర్యునివైపు తిప్పిన పైర్‌హీలియోమీటర్ సుమారు ఐదు డిగ్రీల వెడల్పు గల వృత్తాన్ని చూస్తుంది కాబట్టి ఆ వలయాన్ని కూడా నేరు ఎండగానే లెక్కిస్తుంది. బాగా సాంద్రీకరించే కటకం అంత వెడల్పును స్వీకరించలేదు. అంటే పరికరం ఉందని చెప్పిన ఎండలో కొంత భాగం ఘటానికి చేరదు.

5. పినటుబో చెప్పిన పాఠం:

1984 నుండి 1990 వరకు కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారిలో లూజ్ సంస్థ మొత్తం 354 మెగావాట్ల తొమ్మిది దర్పణ కేంద్రాలను నిర్మించింది. ఇవి ఘటాలతో గాక వేడి నూనెతో, ఆవిరితో పనిచేసేవి. అయినా నేరు ఎండ మీదే ఆధారపడడంలో సాంద్రీకరణ సౌరఘటాలకు తోబుట్టువులు. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం పేలి, దాదాపు రెండు కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడును ఊర్ధ్వ వాతావరణంలోకి చిమ్మింది. ఆ తరువాత మొహావీలోని దర్పణ కేంద్రాల ఉత్పత్తి తగ్గడాన్ని మికాల్‌స్కీ తదితరులు 1994లో సోలార్ ఎనర్జీ పత్రికలో చర్చించారు.

ఇక్కడ ఒక విషయాన్ని జాగ్రత్తగా గమనించాలి. నేలకు చేరిన మొత్తం ఎండలో తగ్గుదల స్వల్పం. నేరు ఎండలో తగ్గుదల దానికి ఎన్నో రెట్లు. పోయినదానిలో అధికభాగం చెదరిన ఎండగా మారి మళ్లీ నేలకే చేరింది. డేనియల్ మర్ఫీ 2009లో ప్రకటించిన లెక్క ప్రకారం, ఊర్ధ్వ వాతావరణంలోని కణాలు ఒక వాటు కాంతిని అంతరిక్షంలోకి తిప్పి పంపినప్పుడు నేరు ఎండలో సుమారు నాలుగు వాట్లు తగ్గుతాయి. పలక సౌరఘటం స్వల్ప నష్టంతో బయటపడే చోట సాంద్రీకరణ ఘటం పెద్ద నష్టాన్ని భరించవలసి వస్తుంది. భూతాపాన్ని తగ్గించేందుకు ఊర్ధ్వ వాతావరణంలో కృత్రిమంగా కణాలను చల్లాలన్న ప్రతిపాదనలను చర్చించేటప్పుడు మర్ఫీ ఈ లెక్కను ముందుకు తేవడం గమనార్హం.

6. ప్రమాణ వర్ణపటం - 0.27 నుండి 0.084కు:

ఒక ప్రయోగశాలలో చేసిన ఘటాన్ని మరొక ప్రయోగశాలలోని ఘటంతో పోల్చాలంటే ఇద్దరూ ఒకే కాంతి కింద కొలవాలి. ఈ అవసరం నుండి ప్రమాణ వర్ణపటం పుట్టింది. 1982లో అమెరికా పరీక్షా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం నేరు ఎండకు ఇ 891 అనే పట్టికను వెలువరించింది. ఎయిర్ మాస్ 1.5 వద్ద, 500 నానోమీటర్ల తరంగదైర్ఘ్యానికి అందులోని మసక అంకె 0.27. ఆ పట్టిక ప్రకారం నేరు ఎండ చదరపు మీటరుకు 768 వాట్లు.

పొరల ఘటాలు వచ్చిన తరువాత ఈ ప్రమాణం మీద అభ్యంతరాలు వచ్చాయి. సాంద్రీకరణ కేంద్రాలను నిర్మించేది నేరు ఎండ సమృద్ధిగా ఉన్న చోట్లనే, అటువంటి చోట్ల గాలి ఇంతకంటే నిర్మలంగా ఉంటుంది, కాబట్టి 0.27 వాస్తవానికి దూరం అన్నది వాదన. క్రిస్టియన్ గేమార్, డారిల్ మయర్స్, కీత్ ఎమరీ 2002లో కొత్త వర్ణపటాన్ని ప్రతిపాదించారు. అమెరికాలో నేరు ఎండ పుష్కలంగా ఉన్న ప్రాంతాల కొలతలు దానికి ఆధారం. 2003లో జి 173 అన్న పేరుతో అది ప్రమాణమైంది. మసక అంకె 0.084కు తగ్గింది; నేరు ఎండ 900 వాట్లకు పెరిగింది. నేటి రికార్డు దక్షతలన్నీ ఈ పట్టిక ఆధారంగా చెప్పినవే.

ఈ మూడు అంకెల తేడాను బూగే సూత్రంతోనే చూడవచ్చు. ఎయిర్ మాస్ 1.5 వద్ద, 500 నానోమీటర్ల కాంతికి, కేవలం ధూళికణాల ప్రభావాన్ని లెక్కిస్తే:

మసక అంకె 0.084 అయితే నూటికి 88 పాళ్ల కాంతి నేరుగా చేరుతుంది.
మసక అంకె 0.27 అయితే నూటికి 67 పాళ్లు చేరుతుంది.
మసక అంకె 0.5 అయితే నూటికి 47 పాళ్లు మాత్రమే చేరుతుంది.

మూడవ అంకె ఊహించినది కాదు. గంగా మైదానంలోని కాన్పూరులో 2001 నుండి సాగుతున్న కొలతలలో సంవత్సరపు సగటు 0.5కు పైగానే ఉంటుంది. ఇది ఒక తరంగదైర్ఘ్యానికి మాత్రమే సంబంధించిన లెక్క అనీ, ఎరుపు వైపు నష్టం తక్కువ అనీ గుర్తుంచుకోవాలి. కానీ పై పొర ఆధారపడేది ఈ వైపు కాంతి మీదనే.

2003 నాటి మార్పును తప్పుబట్టడం సరికాదు. ప్రమాణం అంటూ ఒకటి లేకపోతే పోలిక అసాధ్యం. అమెరికా నైరుతి ఎడారుల కోసం ఘటం చేసేవారికి ఆ ఎడారుల గాలే తగిన ప్రమాణం. ఘటం పై పొర మందాన్ని ఎంచుకున్న వర్ణపటానికి అనుగుణంగా సరిచేస్తారు కనుక, ప్రమాణం మారితే ఘటం రూపకల్పన కూడా మారుతుంది. చిక్కు ఎక్కడంటే, ప్రయాణంలో అంకె మాత్రమే వెళ్లి గాలి వెనుకబడిపోతుంది. నలభై శాతం అన్న మాట దేశదేశాలకు చేరింది. అది ఏ ఆకాశం కింది నలభై శాతమో చాలాచోట్ల చేరలేదు. ఈ లోటును పూరించేందుకు అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 62670 వరుస ప్రమాణాలలో, ఆరుబయటి పరీక్షలకు వర్ణపట నిష్పత్తి అన్న భావనను ప్రవేశపెట్టింది. పై పొర మాత్రమే, నడిమి పొర మాత్రమే పనిచేసే తోడు ఘటాలను పక్కపక్కన ఉంచి, వాటి విద్యుత్ప్రవాహాల నిష్పత్తి ద్వారా నాటి ఆకాశం ప్రమాణానికి ఎంత దగ్గరగా ఉందో తెలుసుకుంటారు.

7. భారతదేశం - కొలత, ఒప్పందం:

భారతదేశంలో ఈ విషయంలో అవగాహన కొత్తది కాదు. 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం సందర్భంగా భారత వాతావరణ శాఖ సౌరవికిరణ కొలతల కేంద్రాలను నెలకొల్పింది. ఆ పనికి సారథ్యం వహించినవారు అన్నా మణి. కేరళలోని పీర్‌మేడులో 1918లో జన్మించిన ఆమె, పరికరాలను దిగుమతి చేసుకోవడానికి బదులు దేశంలోనే తయారుచేయించడానికీ, వాటిని సరిచూసుకోవడానికీ కృషి చేశారు. 1969లో చాకో, హరిహరన్‌లతో కలిసి భారతదేశపు కేంద్రాలలోని కొలతల ఆధారంగా ఆంగ్‌స్ట్రామ్ మసక గుణకాల మీద టెల్లస్ పత్రికలో వ్యాసం ప్రచురించారు. 1980 దశకం తొలినాళ్లకు దేశపు సౌరవికిరణ గణాంకాలను గ్రంథరూపంలో అందించారు. ఆంధ్రదేశంలో విశాఖపట్నంలోనూ, అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనూ గాలిలోని ధూళికణాల మీద కొలతలు సాగాయి. 1999లో జరిగిన హిందూ మహాసముద్ర ప్రయోగం దక్షిణాసియా మీద పొడి నెలల్లో కమ్ముకునే పొగ దుప్పటిని ప్రపంచం దృష్టికి తెచ్చింది.

ఈ నేపథ్యంలో 2010 జనవరిలో జాతీయ సౌర మిషన్ ప్రారంభమైంది. దాని మొదటి దశలో దర్పణాలతో ఎండను సాంద్రీకరించే ఉష్ణవిద్యుత్ కేంద్రాలకు పెద్దపీట వేశారు. ఆ సంవత్సరాంతానికి మొత్తం 470 మెగావాట్ల ఏడు కేంద్రాలను పోటీ వేలంలో కేటాయించారు. ఒక కేంద్రం ఏడాదికి ఎంత విద్యుత్తునిస్తుందో చెప్పి ధర కోట్ చేయాలంటే ఆ స్థలంలో నేరు ఎండ ఎంతో తెలియాలి. చాలా స్థలాలలో అందుబాటులో ఉన్నవి ఉపగ్రహ చిత్రాల నుండి లెక్కగట్టిన అంచనాలు. మేఘాలను గుర్తించడంలో అవి సమర్థమైనవే. మేఘంలేని రోజున గాలిలో ఎంత ధూళి ఉందన్నది మాత్రం వాటికి విడిగా అందించవలసిన సమాచారం. ఆ అంకె తప్పితే మొత్తం ఎండ అంచనా కొద్దిగా, నేరు ఎండ అంచనా చాలా తప్పుతుంది. థార్ ఎడారిలో సూర్యుడు నడినెత్తికి వచ్చే మే, జూన్ నెలల్లోనే ధూళి కూడా పతాకస్థాయికి చేరుతుందన్నది ఇక్కడ ముఖ్యం.

నేల మీద నేరు ఎండను కొలిచే 51 కేంద్రాలను చెన్నైలోని పవనశక్తి సాంకేతిక కేంద్రం నెలకొల్పింది 2011లో. అంటే ఒప్పందాలు ముందు, కొలతలు తరువాత. కొలతలు వచ్చాక పలుచోట్ల నేరు ఎండ అంచనాల కంటే తక్కువని తేలింది. ఏడింటిలో కొన్ని మాత్రమే పూర్తయ్యాయి. రాజస్థాన్‌లోని నోఖ్‌లో 50 మెగావాట్ల కేంద్రం 2013లో, ధుర్సర్‌లో 125 మెగావాట్ల కేంద్రం 2014లో వచ్చాయి. రాయలసీమలో అనంతపురం జిల్లా నాగలాపురం వద్ద 50 మెగావాట్ల పరావలయ దర్పణ కేంద్రం కూడా 2014లోనే పనిచేయడం ప్రారంభించింది. మిగిలినవి ఆగడానికి గాలి ఒక్కటే కారణం కాదు. అదే కాలంలో పలక సౌరఘటాల ధరలు వేగంగా పడిపోయాయి. పరికరాల దిగుమతి, పెట్టుబడి సమస్యలు కూడా ఉన్నాయి. అయినా నేరు ఎండ అంచనా తప్పడం ఈ కథలో పైకి తక్కువగా కనిపించే ముఖ్యపాత్ర.

సాంద్రీకరణ సౌరఘటాల ప్రపంచ చరిత్ర కూడా ఈ కాలంలోనే మలుపు తిరిగింది. 2012లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం అలమోసాలో 30 మెగావాట్ల కేంద్రం వచ్చింది. తరువాత చైనాలోని గోల్ముద్‌లో, దక్షిణాఫ్రికాలోని టౌస్‌రివియర్‌లో పెద్ద కేంద్రాలు నిర్మించారు. మూడూ పొడిగాలి ప్రదేశాలే. మొదటి రెండూ ఎత్తైన ప్రదేశాలు కూడా. 2015లో ఫ్రెంచి సంస్థ సోయ్‌టెక్ ఈ రంగం నుండి తప్పుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో కర్నూలు జిల్లాలో రూపుదిద్దుకున్న 1000 మెగావాట్ల సౌర పార్కు పూర్తిగా పలక ఘటాలది. నేరు ఎండనూ చెదరిన ఎండనూ రెండింటినీ వాడుకునే సాధనం, మసక తప్పని ఆకాశం కింద సహజంగానే నిలదొక్కుకుంది.

8. ముగింపు:

పై పరిశీలన ద్వారా ఈ క్రింది అంశాలను గుర్తించవచ్చు.

1. సాంద్రీకరణ సౌరఘటం దక్షత ఘటం ఒక్కదాని గుణం కాదు. ఘటం, కటకం, గాలి ఈ మూడింటి ఉమ్మడి ఫలితం.

2. ధూళి, నీటి ఆవిరి, పలుచని మేఘం ఈ ఘటాన్ని మూడు భిన్నమైన తీరులలో ప్రభావితం చేస్తాయి. ధూళి పై పొరను ఆకలితో ఉంచుతుంది. నీటి ఆవిరి అధికంగా ఉన్న పరారుణాన్ని తగ్గిస్తుంది. పలుచని మేఘం కిరణాన్ని కటకం పరిధి నుండి తప్పిస్తుంది. మొత్తం ఎండ అన్న ఒకే అంకెతో వీటిని అంచనా వేయలేము.

3. 1982 నాటి 0.27 గానీ, 2003 నాటి 0.084 గానీ ప్రకృతి నిర్దేశించిన విలువలు కావు. నిపుణులు చర్చించి అంగీకరించినవి. రెండవది ఒక దేశంలోని నిర్మలమైన ప్రాంతాల గాలికి ప్రతినిధి. ఆ గాలి లేని చోట ఆ దక్షతను ఆశించడం అశాస్త్రీయం.

4. గాలి మసకను కొలిచే విద్య భారతదేశంలో 1960 దశకం నాటికే ఉంది. 2010లో కొరవడినది విజ్ఞానం కాదు. ఎంచుకున్న స్థలంలో, ఒప్పందానికి ముందు, తగినంత కాలం సాగిన కొలత.

5. విజ్ఞానశాస్త్ర చరిత్రలో రికార్డులకు లభించే స్థానం ప్రమాణాల చరిత్రకు లభించడం లేదు. తెలుగులో పాఠ్యపుస్తకాలు, జనరంజక విజ్ఞాన రచనలు దక్షత అంకెను పేర్కొనేటప్పుడు అది ఏ వర్ణపటం కింద కొలిచినదో కూడా పేర్కొనడం అవసరం.

అన్నా మణి తరం శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి, రోజురోజూ, ఒక్కో కేంద్రంలో ఎండను కొలిచి పట్టికలు నింపారు. అటువంటి పట్టికలకు రికార్డు దక్షతలకున్న ఆకర్షణ ఉండదు. కానీ ఒక ప్రాంతానికి ఏ సాధనం తగినదో నిర్ణయించేది ఆ పట్టికే. దర్పణాలను అనంతపురంలో నిలిపినా, థార్‌లో నిలిపినా, ముందుగా చదవవలసినది అక్కడి గాలిని.